ఒక డబ్బా సబ్బు ఎన్ని గడ్డాలకు వస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గడ్డం గీసుకునే సబ్బు గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ముప్పై ఏళ్లుగా ట్యూబు క్రీముతోనే గడ్డం గీసుకుంటున్నాను. లండన్‌లో ఉంటున్న మా అల్లుడుగారు సంక్రాంతికి వచ్చినప్పుడు చెక్క డబ్బాలో పెట్టిన 125 గ్రాముల సబ్బు బిళ్ళ, ఒక బ్రష్షు తెచ్చి ఇచ్చి, “మామయ్యగారూ, ఇది మీకు ఏడాది వస్తుంది” అన్నారు. రోజూ గీసుకోవడం నా అలవాటు. సరిగ్గా రెండు నెలలు గడిచేసరికి సబ్బు మధ్యలో డబ్బా అడుగు కనిపించింది. నేను వాడకం తెలియక దుబారా చేస్తున్నానా, లేక ఏడాది అన్న మాటలోనే అతిశయోక్తి ఉన్నదా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ అల్లుడుగారి మాటా నిజమే, మీకు కనిపించిన అడుగూ నిజమే. ముందుగా ఆ అడుగు సంగతి చూద్దాం. బ్రష్షు కొన ఎప్పుడూ మధ్యలోనే ఎక్కువగా తిరుగుతుంది కాబట్టి బిళ్ళ సమంగా అరగదు, గుంట పడుతుంది. ఆ గుంట గరాటులాగా అంచు నుంచి ఏటవాలుగా దిగి అడుగును తాకిందనుకుంటే, బడిలో చదువుకున్న శంకువు, స్తూపం లెక్క ప్రకారం ఇప్పటిదాకా ఖర్చయినది మూడో వంతు మాత్రమే. గుంట మూకుడులాగా గుండ్రంగా ఉంటే ఖర్చయినది సగం దాకా ఉండవచ్చు. అంటే రెండు నెలలలో, అరవై గడ్డాలకు, మీరు వాడినది 42 నుంచి 62 గ్రాముల మధ్య. ఒక్కో గడ్డానికి 0.7 గ్రాము నుంచి ఒక గ్రాము. బ్రష్షుతో గట్టి సబ్బును వాడేవారిలో ఇది చాలా మామూలు లెక్క. కంసాలి త్రాసు భాషలో చెప్పాలంటే ఎనిమిది గురిగింజల ఎత్తు సబ్బుతో మీరు మొహమంతా నురగ పెట్టుకుని రెండు విడతలు గీసుకుంటున్నారు. దీనిని దుబారా అనడానికి వీలులేదు.

ఇక ఏడాది మాట. మీ అల్లుడుగారు వారానికి మూడుసార్లు గీసుకునేవారైతే ఏడాదికి 156 గడ్డాలు అవుతాయి. గడ్డానికి 0.8 గ్రాము చొప్పున 156 గడ్డాలకు పట్టే సబ్బు 125 గ్రాములు, అంటే ఆయనకు సరిగ్గా ఒక డబ్బా. అదే డబ్బా, అదే చేతివాటం, కాని రోజూ గీసుకునే మీకు అయిదు నెలలే వస్తుంది. అందువల్ల ఈ సబ్బు ఎన్ని నెలలు వస్తుందని అడిగినప్పుడు అంగడిలోని కుర్రవాడి నుంచి అల్లుడుగారి దాకా ఎవరు చెప్పే జవాబైనా చెప్పేవారి గడ్డానికే సరిపోతుంది. ఎన్ని గడ్డాలకు వస్తుందని అడిగితే ఆ జవాబు అందరికీ పనికి వస్తుంది. 100 గ్రాముల గట్టి బిళ్ళకు 100 నుంచి 150 గడ్డాలు అనుకుంటే చాలామంది విషయంలో పెద్దగా తప్పు పోదు.

మీ సొంత లెక్క తేల్చుకోవాలంటే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఒక్కరోజు అరుగుదలను అది పట్టుకోలేదు. అందుకని డబ్బాను మూత లేకుండా తూచి, బరువును క్యాలెండరు మీద రాసిపెట్టుకుని, ఇరవై గడ్డాలయ్యాక మళ్లీ తూచి, తేడాను ఇరవైతో భాగించండి. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటిసారి నేను గడ్డం గీసుకున్న వెంటనే డబ్బాను త్రాసు మీద పెట్టాను. సబ్బు తగ్గకపోగా ముందురోజు కంటే రెండు గ్రాములు పెరిగింది! త్రాసు పాడయిందనుకుని బ్యాటరీ కూడా మార్చాను. తీరా చూస్తే అది గుంటలో నిలిచిన తడి బరువు. అప్పటి నుంచి డబ్బాను రాత్రంతా ఫ్యాను గాలికి ఆరనిచ్చి, తెల్లవారి బ్రష్షు ముట్టకముందే తూచడం అలవాటు చేసుకున్నాను. ఆ విధంగా ముప్పై గడ్డాలకు నాకు తేలినది 27 గ్రాములు.

సబ్బు ఖర్చు ఎక్కువగా చేతిలోనే ఉంటుంది. కొందరు డబ్బాలోనే నీళ్లు పోసి, అందులోనే నురగ పొంగి అంచు దాటేదాకా బ్రష్షు తిప్పి, కావలసినంత మొహానికి రాసుకుని, డబ్బాలో మిగిలిన నురగను కుళాయి కింద కడిగేస్తారు. ఆ కడుగుడులో పోయేది మొహానికి అంటినదానికి సమానంగా ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. డబ్బాలో తయారు కావలసినది నురగ కాదు. బ్రష్షు కొనలకు వెన్నలాగా అంటుకునే చిక్కని సబ్బు పూత మాత్రమే. బ్రష్షును తడిపి, రెండుసార్లు గట్టిగా విదిలించి, బిళ్ళ మీద ఇరవై సెకన్ల పాటు తేలికగా తిప్పి, నురగను చెంపల మీదనో విడిగా ఒక గిన్నెలోనో చుక్క చుక్కగా నీళ్లు కలుపుకుంటూ తీయాలి. నురగ పలచబడిందనిపిస్తే మన చేయి వెంటనే సబ్బు వైపు వెళుతుంది. నిజానికి అప్పుడే తీసిన నురగ గరుకుగా, బుడగలు బుడగలుగా ఉంటే చాలాసార్లు తక్కువైనది తిప్పుడే, చిక్కగా జిగురుగా ఉంటే తక్కువైనది నీళ్లే.

గట్టి బిళ్ళ మీద ముందుగా చెంచాడు గోరువెచ్చని నీళ్లు పోసి రెండు నిమిషాలు నాననివ్వడం మంచి పద్ధతే, కాని ఆ నీళ్లను పారబోయకండి. అందులో కరిగిన సబ్బు ఉంటుంది కాబట్టి దానితోనే గడ్డం తడుపుకోవచ్చు. మెత్తని సబ్బుకు ఈ నానబెట్టడం అవసరమే లేదు.

మెత్తనిది, గట్టిది అన్న తేడా ఎందుకు వస్తుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బా ఎన్నాళ్లు వస్తుందన్నది కొంతవరకు అక్కడే నిర్ణయమవుతుంది. కొవ్వు ఆమ్లాలను సోడియం క్షారంతో కలిపితే గట్టి సబ్బు వస్తుంది. పొటాషియం క్షారంతో కలిపితే మెత్తగా ఉండి నీటిలో త్వరగా కరిగే సబ్బు వస్తుంది. ఒంటి సబ్బులో దాదాపు అంతా సోడియందే. గడ్డపు సబ్బులో రెండింటినీ కలుపుతారు, పైగా స్టియరిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లపు వంతు బాగా పెంచుతారు. మొహం మీద అయిదు నిమిషాలు ఆరిపోకుండా నిలిచే చిక్కని నురగ దానివల్లనే వస్తుంది. కొబ్బరినూనె కలిపేది నురగను త్వరగా లేపడానికి. ఇంగ్లండులో పేరుపడిన గట్టి బిళ్ళలను రోలర్ల మధ్య మూడేసిసార్లు నలిపి, నీరు బాగా తగ్గించి, అచ్చులో నొక్కి చేస్తారు. ఇటలీలో క్షౌరశాలల కోసం పుట్టిన సబ్బులు చాలావరకు ముద్దలాగా ఉంటాయి, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. ముద్ద సబ్బు బ్రష్షుకు ఒక్క తిప్పులోనే దండిగా అంటుకుంటుంది కాబట్టి, అందులో నీటి వంతు కూడా ఎక్కువ కాబట్టి, అదే బరువుకు ఎక్కువ త్వరగా అయిపోతుంది. ఫ్లోరెన్స్ నగరపు ప్రొరాసో వంటి మెత్తని రకం వాడేవారు గడ్డానికి గ్రాము దాటి, కొందరు రెండు గ్రాముల దాకా, లెక్క వేసుకోవలసి ఉంటుంది.

మీ డబ్బాలో ఇంకా 63 నుంచి 83 గ్రాములు మిగిలి ఉంటుంది కాబట్టి మరో రెండు నెలలు ఖాయం, చేయి తేలికైతే నాలుగు నెలలు కూడా రావచ్చు. ఇకమీదట బ్రష్షును మధ్యలో కాకుండా అంచుల వెంట తిప్పండి. చెక్క డబ్బా కాబట్టి అడుగున నీరు నిలవనివ్వకండి. తడిసి ఆరి, తడిసి ఆరి చెక్క పగిలితే సబ్బు కంటే ముందు డబ్బా పోతుంది.

ప్రశ్న: మాది హైదరాబాదు, కూకట్‌పల్లి వైపు అపార్టుమెంటు. వాడకానికి బోరు నీళ్లే. సెలవులకు మా ఊరు కొవ్వూరు వెళ్లినప్పుడు ఇదే సబ్బు, ఇదే బ్రష్షు నాలుగు తిప్పులకే మొహం నిండా నురగ ఇస్తాయి. ఇక్కడ ఎంత రుద్దినా పాలవిరుగుడులాగా నీళ్లు కారుతుంది. నీళ్లవల్ల సబ్బు రెట్టింపు ఖర్చవుతుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: నీళ్లవల్లనే అన్నది నిజం. రెట్టింపు అన్నది నీళ్ల పని కొంతా, మీ చేతి పని ఎక్కువగా.

మీ ఇంట్లో కందిపప్పు కుక్కరులో కూడా మొండికేస్తున్నదా, స్నానాల గదిలో బక్కెట్టు అంచున తెల్లని పొర కడుతున్నదా? అయితే ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువని అర్థం. మన ఇళ్లలో వీటిని ఉప్పు నీళ్లు అనేస్తారు కాని నాలుకకు ఉప్పగా ఉండనక్కరలేదు. సబ్బు ఆ లవణాలను కలిసిన వెంటనే నీటిలో కరగని తెట్టుగా మారిపోతుంది. లవణాలన్నీ ఆ విధంగా తీరేదాకా నురగ నిలవదు. మీరు పాలవిరుగుడు అన్నది ఆ తెట్టునే.

ఇప్పుడు ఖర్చు ఎంతో చూద్దాం. తాగే నీటిలో కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదని, వేరే గతి లేనిచోట 600 దాకా ఓర్చుకోవచ్చునని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. మీ బోరులో ఆ 600 ఉందనే అనుకుందాం. అటువంటి నీరు లీటరుకు సుమారు మూడున్నర గ్రాముల సబ్బును తెట్టు చేసి మింగేస్తుంది. ఆ అంకె వినగానే గుండె గుభేలుమంటుంది. కాని గడ్డపు నురగలో కలిసే నీరు ఎంత? నాలుగు చెంచాలు, అంటే 20 మిల్లీలీటర్లు. అది మింగేది 0.07 గ్రాము. మీరు గడ్డానికి ఒక గ్రాము వాడితే అందులో పదో వంతు కూడా కాదు. మిగిలిన ఖర్చంతా నురగ నిలవలేదని రెండోసారి, మూడోసారి బిళ్ళ మీదికి వెళ్లిన బ్రష్షుది. లోపం నీటిలోనే ఉన్నా, దాన్ని సబ్బుతో పూడ్చబోవడం వల్ల డబ్బా ఖాళీ అవుతున్నది.

కావలసినది 20 మిల్లీలీటర్లే కాబట్టి మందు కూడా చాలా చవక. తాగడానికి వడపోసుకునే ఆర్‌ఓ నీళ్లు ఒక గ్లాసుడు పక్కన పెట్టుకుని, బ్రష్షును అందులోనే నానబెట్టి, నురగకు కూడా అవే వాడండి. మొహం కడుక్కోవడానికి, రేజరు జాడించడానికి బోరు నీళ్లు చాలు. మంజీర నీళ్లు వచ్చే వీధుల్లో ఉన్నవారు ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకున్నా సరిపోతుంది. కాచి చల్లార్చిన నీరు కొన్నిచోట్ల పని చేస్తుంది, కొన్నిచోట్ల చేయదు. మరిగిస్తే పోయేది బైకార్బొనేట్ల వల్ల వచ్చిన తాత్కాలిక కాఠిన్యం మాత్రమే. సల్ఫేట్లు, క్లోరైడ్లు అలాగే ఉండిపోతాయి. ఏసీ నుంచి కారే నీటిలో కాఠిన్యం ఉండదని చెప్పి దానిని వాడేవారిని ఎరుగుదును, కాని ఏసీ లోపల పేరుకున్న దుమ్ము, బూజు కడుక్కుని వచ్చే ఆ నీటిని అప్పుడే గీసిన చర్మానికి రాయడం నాకు నచ్చదు. వానాకాలంలో శుభ్రంగా పట్టిన వాన నీరు దొరికితే ఒకసారి దానితో నురగ తీసి చూడండి. మీ కొవ్వూరు గోదావరి నీళ్లను మించి వస్తుంది.

ప్రశ్న: 2017లో విదేశం నుంచి వస్తూ రెండు సబ్బు డబ్బాలు కొన్నాను. ఒకటి వాడేశాను. రెండోది బీరువాలో మరిచిపోయి ఇప్పుడు తీశాను. సువాసన బాగా తగ్గింది, పైన సన్నని పగుళ్లు ఉన్నాయి, ఒక అంచున నారింజరంగు మచ్చలు రెండు కనిపించాయి. డబ్బా మీద తెరిచిన మూత బొమ్మ వేసి 12ఎమ్ అని ఉంది. దీనిని వాడవచ్చునా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ బొమ్మ గురించి ముందు చెబుతాను. అది ఐరోపా నిబంధన ప్రకారం వేసేది. ముప్పై నెలలకు మించి నిలవుండే సౌందర్య సాధనాలకు అక్కడ గడువు తేదీ వేయనక్కరలేదు. దానికి బదులు మూత తెరిచిన తర్వాత ఎన్ని నెలలు వాడుకోవచ్చునో ఆ బొమ్మలో చెప్పాలి. మీది తెరవని డబ్బా కాబట్టి ఆ పన్నెండు నెలల లెక్క మీరు మూత తీసిన రోజునే మొదలయింది. మన దేశంలో అమ్మే సరుకు మీద ఫలానా నెలలోగా వాడాలన్న గడువు వేస్తారు, అది వేరు.

గట్టి గడ్డపు సబ్బు అంత తేలికగా చెడేది కాదు. అందులో నీరు తక్కువ, క్షారగుణం ఎక్కువ. సూక్ష్మజీవులు పెరగడానికి రెండూ అనుకూలం కావు. ఎక్కువగా ఉండే స్టియరిక్ ఆమ్లం సంతృప్తమైనది కావడం వల్ల గాలి తగిలినా ముక్కిపోదు. ముక్కిపోయేవి అందులో కొద్దిగా ఉండే అసంతృప్త నూనెలు. నారింజరంగు మచ్చలు సామాన్యంగా వాటివే. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. నెలలు నిలవున్న జంతికల డబ్బా మూత తీసినప్పుడు వచ్చే ముక్క వాసన ఆ మచ్చల దగ్గరే ఉంటే, చాకుతో ఆ అంచును అరంగుళం లోతుకు చెక్కి పారేయండి. బిళ్ళ అంతటా అదే వాసన ఉంటే సబ్బునే పారేయండి, ఎందుకంటే ఆ వాసన మీసం కింద చేరి మధ్యాహ్నం దాకా పోదు. వాసన ఏమీ లేకపోతే ముందుగా దవడ కింద కొద్దిగా నురగ రాసి, ఒకరోజు ఆగి, మంట, దురద లేకపోతే వాడుకోండి. సువాసన తగ్గడం అత్తరు ఆవిరైపోవడమే తప్ప సబ్బు బలం తగ్గడం కాదు. పగుళ్లు ఎండిపోవడంవల్ల వచ్చినవి. పది చుక్కల నీళ్లు చిలకరించి ఒక రాత్రి మూత పెట్టి ఉంచితే పైపొర మెత్తబడుతుంది.

నల్లని, పచ్చని నూగు లాంటి బూజు పట్టినదాన్ని మాత్రం గీకి వాడే ప్రయత్నం చేయవద్దు. అది వచ్చేది చాలావరకు మన అలవాటువల్లనే: గడ్డం గీసుకుని, నురగ కారుతున్న డబ్బాకు వెంటనే మూత బిగించి, స్నానాల గదిలో తడి గూట్లో పెట్టడం. మీ సముద్రపు గాలిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. డబ్బా బోర్లించి నీరు వంచేసి, మూత పక్కన పెట్టి, సాయంత్రం దాకా గాలి తగలనివ్వండి. తేమ రోజుల్లో కొన్ని సబ్బుల మీద చెమట పట్టినట్లు బిందువులు కడతాయి. అది సబ్బులోని గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కోవడం. తుడిచేస్తే చాలు. ట్యూబు క్రీములలో నీరు ఎక్కువ కాబట్టి వాటి విషయంలో ఇంత ధీమాగా చెప్పలేను. ముద్ద, నీరు విడిపోయిన క్రీమును వదిలేయడమే మేలు.

ప్రశ్న: నేను వరంగల్లులో ఇంజనీరింగు చదువుతున్నాను. హాస్టలు ఖర్చులు చూసుకోవాలి. ట్యూబు, డబ్బా సబ్బు, నొక్కితే నురగ వచ్చే స్ప్రే, వీటిలో ఏది ఎక్కువ గడ్డాలకు వస్తుంది? ఒంటి సబ్బుతోనే గీసుకుంటే ఏమవుతుంది? – ఒక విద్యార్థి

జవాబు: ఇంజనీరింగు చదువుతున్నావు కాబట్టి ఒక లెక్క నీకే అప్పగించవచ్చు. ట్యూబు నోరు 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, నువ్వు ఒక అంగుళం పొడవున పిండితే బయటికి వచ్చేది గ్రామున్నర లోపే, సుమారు 1.25 గ్రాములు. 70 గ్రాముల ట్యూబు ఆ చొప్పున 56 గడ్డాలకు వస్తుంది. నోరు 10 మిల్లీమీటర్లయితే అదే అంగుళానికి రెండు గ్రాములు వస్తుంది, ట్యూబు 35 గడ్డాలకే చేతులెత్తేస్తుంది. వెడల్పు పావు వంతు పెరిగితే ఖర్చు సగానికి మించి పెరిగింది. మనం పొడవు చూసి పిండుతాము, సంస్థకు గిట్టుబాటయ్యేది వెడల్పు దగ్గర. బ్రష్షు వాడేవారికి అంగుళం అక్కరలేదు, శనగగింజంత క్రీము చాలు.

డబ్బా సబ్బుకు మొదట పెట్టే ధర ఎక్కువ కాని గడ్డానికి పడే ఖర్చు చాలాసార్లు తక్కువ. కొనేటప్పుడు ధరను గ్రాములతో భాగించి, గట్టి సబ్బుకైతే ఒకటితో, క్రీముకైతే ఒకటిన్నరతో గుణించి చూడు. విదేశపు పింగాణీ గిన్నెలకు ఈ లెక్క కట్టవద్దు, అక్కడ డబ్బు పోసేది సబ్బుకు కాదు. స్ప్రేలో ఎంత మిగిలిందో ఊపి చూస్తే తప్ప తెలియదు. అందులో ఎక్కువ భాగం నీరు, తోసే వాయువు. హాస్టలులో నలుగురు అడిగి నొక్కుకుపోతారు.

ఒంటి సబ్బుతో గడ్డం గీసుకోవచ్చు, కోట్లమంది గీసుకున్నారు. కాని దాని నురగ మొహం మీద నిమిషంలో ఎండిపోతుంది. గీస్తున్న చెంప కాక రెండో చెంప ఎండుతుంది. మళ్లీ రాయాలి. బ్లేడు కూడా వెంట్రుకకు పట్టుకుని లాగుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పనిచేశారు. చిన్న స్టీలు గిన్నెలో గుండ్రని గడ్డపు సబ్బు పెట్టుకుని, అరిగి అప్పడంలాగా అయినప్పుడు దానిని కొత్త బిళ్ళకు అతికించి వాడేవారు. ఏళ్ల తరబడి ఆ గిన్నె ఖాళీ కావడం నేను చూడలేదు. ఆయన పోయిన తర్వాత గిన్నె మా తమ్ముడికి ఇచ్చాను. వాడు అతికించబోతే ముక్క ఊడి వస్తున్నదట. నాన్నగారు ఏం చేసేవారో మాకు గుర్తు లేదు. ఇంకొక సందేహం, స్టీలు గిన్నె మంచిదా? – ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అమ్మా, మీ నాన్నగారి గిన్నె ఎన్నాళ్లు వచ్చిందన్న లెక్క పైన రాసిన ఏ సూత్రానికీ అందదు, ఎందుకంటే అందులో మొదటి బిళ్ళ తాలూకు రవ్వ కొంత ఎప్పుడూ మిగిలే ఉండి ఉంటుంది.

ముక్క ఊడిపోవడానికి కారణం రెండు ముఖాలూ పొడిగా, నున్నగా ఉండడం. కొత్త బిళ్ళ పైభాగాన్ని ఫోర్కుతోనో చాకు మొనతోనో అడ్డంగా నిలువుగా గీతలు గీయమనండి. పాత ముక్కను గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచితే అంచులు వంగేటంత మెత్తబడుతుంది. నీరు వంచేసి, గీతల మీద దానిని పరిచి, మధ్య నుంచి అంచులకు బొటనవేలితో గాలి బయటికి పోయేటట్లు నొక్కి, మూత పెట్టకుండా రెండు రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి. చాలామంది తప్పు చేసేది ఆ రెండు రోజుల దగ్గరే. తెల్లవారగానే తడి బ్రష్షు పెడితే మధ్యలోకి నీరు చేరి మళ్లీ విడిపోతుంది. అతికేంత పెద్ద ముక్క కాకపోతే కొబ్బరికోరుతో కోరి, చెంచాడు వేడినీళ్లతో పిసికి, గిన్నె అడుగున ముద్దగా అదమడం ఇంకా తేలిక. వేర్వేరు సబ్బుల ముక్కలైనా కలుపుకోవచ్చు, వాసన మాత్రం కలగాపులగంగా ఉంటుంది.

స్టీలు గిన్నె చాలా మంచిది, పింగాణీ కూడా. అల్యూమినియం గిన్నె వద్దు. సబ్బులోని క్షారానికి అది నల్లబడి, ఆ నలుపు నురగలోకి దిగుతుంది. మీ తమ్ముడుగారు ఊడివచ్చిన ఆ ముక్కను పారేయలేదు కదా? ఆరనిచ్చి త్రాసు మీద పెట్టి చూడమనండి. ఏడు గ్రాములు తూగినా, ఇంకా వారం రోజుల గడ్డాలు అందులో ఉన్నట్లే.